ఆయన పేరు కింద ఆమె చిరునామా

మీరు సభ్యులుగా ఉన్న సంఘం జాబితాలో మీ ఇంటి ఆడమనిషి పేరు ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ అవసరం పడదు. పడేనాటికి ఆలస్యమైపోతుంది.

ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఢిల్లీలో మా తెలుగు సంఘం ఆదివారాలు చర్చలు పెట్టేది. ఆర్.కె. పురంలో ఒక క్వార్టర్ ముందు పచ్చికలో, చలికాలపు ఎండలో దుప్పట్లు పరుచుకుని కూర్చునేవాళ్లం. ముహూర్తాలు, జాతకాలు, వితంతువుల బొట్టు, దేని మీదైనా వాదనే. అక్కడ నన్ను తేలిగ్గా వదలని మనిషి ఒకావిడ ఉండేది. కంటోన్మెంటులో ఉండే ఒక సైనికుడి భార్య, అనంతపురం వైపు మనిషి. నారింజలు ఒలిచి అందరికీ తొనలు పంచుతూనే, చూపు మాత్రం మాట్లాడేవాడి మీదే ఉంచేది.

"అదంతా సరేప్పా. రుజువు యాడుంది?" అనేది.

నేను గొంతు పెంచితే నవ్వేది. "అరిస్తే రుజువైతాదా తమ్ముడా? అట్లయితే సరోజినీ నగర్లో స్వెట్టర్లమ్మే భయ్యా మనందరికన్నా పెద్ద పండితుడు."

ఆమె ఒప్పుకున్న మాటను నేను ఏ సభలోనైనా ధైర్యంగా చెప్పగలిగేవాణ్ణి. ఒప్పుకోని మాటను ఇంటికి తీసుకెళ్లి మళ్లీ ఆలోచించేవాణ్ణి.

తర్వాత ఆమె భర్తను సరిహద్దుకు పంపారు. కుటుంబం వెళ్లడానికి వీల్లేని చోటు. ఆమె ముందు కంటోన్మెంటులోనే ఇంకో క్వార్టర్‌కు మారింది, కొన్నాళ్లకు పిల్లలతో వేరే రాష్ట్రానికి వెళ్లింది. వెళ్తూ అంది: "శీతాకాలం సభకు కార్డు పంపు. రైలెక్కి వస్తా. నీ మాటల్లో తప్పులు పట్టేదానికి ఈడ ఇంకెవరున్నారు?"

రాష్ట్రం మారితే ఫోన్‌లో సిమ్ మార్చే రోజులవి. కొత్త ఊళ్లో దిగాక ఆమె సంఘానికి ఫోన్ చేసి కొత్త నంబరు, చిరునామా చెప్పింది. సంఘానికి చెబితే మా అందరికీ చెప్పినట్టే అనుకునే మనిషి.

సంఘం కంప్యూటర్లో రెండు పట్టికలుండేవి. ఒకటి సభ్యులది. అందులో ఇంటికొకటే వరుస, అదీ ఇంటి యజమాని పేరుతో. రెండోది మార్పులది. ఎవరు కొత్త చిరునామా చెప్పినా అందులో ఒక వరుస చేరేది. ఏటా సభకు ముందు సభ్యత్వ సంఖ్యను బట్టి రెండింటినీ జతచేసి, కొత్త చిరునామాలను సభ్యుల పట్టికలోకి ఎక్కించి, మార్పుల పట్టికను ఖాళీ చేయడం మా ఆనవాయితీ. ఆ ఏడాది ఆ పని చేసింది ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉండే మిత్రుడు. హైదరాబాదు మనిషి, నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

సభ జరిగింది. నేను మాట్లాడుతున్నంతసేపూ గుమ్మం వైపే చూశాను. ఆమె రాలేదు.

కార్డు ఎక్కడికి వెళ్లిందో చూద్దామని కార్యదర్శిగారి ఇంట్లో ఉన్న సంఘం కంప్యూటర్ తెరిపించాను. ఆమె భర్త సరిహద్దు తపాలా చిరునామాకు వెళ్లింది.

"అన్నా, ఎర్రర్ ఏం రాలే," అన్నాడు మిత్రుడు. "ఎంతమంది మెంబర్లు అడ్రస్ మార్చుకున్నరో అన్నే వరుసలు అప్‌డేట్ అయినయ్. ఇంకేం గావాలె?"

మోసం అక్కడే ఉంది. ఆ ఇంటి నుంచి మూడు ఫోన్లు వచ్చాయని వాటిని అందుకున్న కార్యదర్శిగారికి గుర్తుంది. మారిన క్వార్టర్ గురించి ఒకటి, ఆమె కొత్త ఊరి గురించి ఒకటి, చివరగా ఆయన తన తపాలా చిరునామా చెప్పడానికి చేసింది ఒకటి. మూడు వరుసలు, ఒకే సభ్యత్వ సంఖ్య. రాయడానికి చోటు మాత్రం ఒక్కటే. కొన్ని డేటాబేసులు ఇలాంటి చోట ఆగి మొరాయిస్తాయి. మాది ఆగలేదు. మూడింటిలో ఏదో ఒకటి రాసి, ఒక సభ్యుడు మారాడని లెక్క చూపించింది. ఏది రాయాలో దానికి మేం చెప్పలేదు.

"చివరి తేదీది తీసుకొమ్మని రాస్తే అయిపోతుండె గదా అన్నా?"

"చివరి ఫోన్ ఆయనది. అప్పుడూ ఆవిడ చిరునామా పోయేది."

రెండు ఊళ్లలో ఉన్న ఇద్దరు మనుషులకు మేం ఒకే వరుస ఇచ్చాం. అందులో ఏ నియమం పెట్టినా ఒకరు తప్పిపోవాల్సిందే. మార్పుల పట్టిక అప్పటికే ఖాళీ అయింది.

"మధ్యప్రదేశో, మహారాష్ట్రో అన్నారండీ," అన్నారు కార్యదర్శిగారు. "ఏం చేస్తాం, రాసిపెట్టి లేదు."

"రాసే ఉందండీ. ఆవిడ చెప్పింది, మీరే రాశారు. దాన్ని మనం తుడిచేశాం. ఇందులో తలరాత ఎక్కడుంది?"

"అయినా ఇంటికొక పేరు చాలదటండీ?"

"చాలితే ఆవిడ మొన్న సభలో కూర్చుని ఉండేది."

ఆయన భార్య లోపలి నుంచి టీ పట్టుకొచ్చింది. "నా పేరు కూడా అందులో లేదు కదూ?" అని ఆయన్ని అడిగింది. ఆయన కప్పు అందుకున్నారు.

సరిహద్దు చిరునామాకు ఉత్తరం రాశాను. ఆ దళం వేరే చోటికి మారిందని తిరిగొచ్చింది. పాత నంబరులో ఎవరో హిందీలో రాంగ్ నంబర్ అన్నారు. ఆమె మాత్రం సంఘమే తనను పిలవలేదని అనుకుని ఉంటుంది. అలా అనుకోవడానికి ఆమె దగ్గర రుజువు కూడా ఉంది, రాని కార్డు.

తర్వాత పట్టికను మార్చాం, మనిషికొక వరుస, ఒక సంఖ్య చొప్పున. జతచేసే ముందు, మార్పుల్లో ఒకే సంఖ్య రెండుసార్లు కనిపిస్తే పని ఆపేసేలా చేశాం. కార్యదర్శిగారి భార్య పేరు అందులో చేరింది. అనంతపురం ఆవిడ పేరు కూడా రాశాను. పక్కన చిరునామా గడి ఖాళీగా ఉంది. ఇప్పటికీ ఏ సభలోనైనా ఒక మాట తేల్చి చెప్పాక క్షణం ఆగుతాను. రుజువు యాడుంది అని ఎవరూ అడగరు. చప్పట్లు కొడతారు.

ఈ ఆదివారమే మీ సంఘం జాబితా తెరిపించండి. ఒకే సంఖ్యకు ఎన్ని వరుసలు తగులుతున్నాయో లెక్కపెట్టించండి. మీ ఇంటి ఆడమనిషికి ఆమె పేరుతో, ఆమె చిరునామాతో వేరే వరుస రాయించండి. రాసేదాకా అక్కడి నుంచి లేవకండి.