అజొల్లా కప్పిన కుంట

2006 జూన్‌లో టేకులపల్లి మండలంలోని ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే కాంట్రాక్టు టీచర్‌గా చేరాను. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. చెప్పాల్సిన పాఠమంతా ముందురోజే డైరీలో రాసుకుని వెళ్లేదాన్ని. ఉద్యోగం మానేశాక కూడా ఆ డైరీలో కొన్ని పేజీలు తెరవాలంటే భయమే.

చేరిన కొత్తలో ఒక వారం పాఠం జీవుల అనుకూలనాలు. ధ్రువపు ఎలుగుబంటినీ అజొల్లానీ పోల్చి చెప్పాను. అజొల్లా నీటిపై తేలే గోరంత ఫెర్న్ మొక్క. వరికి ఎరువు, గేదెలకు మేత. ఎలుగుకు చలినాపే కొవ్వు, మంచులో కలిసిపోయే తెల్ల బొచ్చు. అజొల్లాకు తడి అంటని ఆకులు. ఎలుగు రెండు మూడేళ్లకోసారి ఈనుతుంది, అజొల్లా వారం తిరక్కుండా రెట్టింపవుతుంది. ఏది ప్రమాదమని అడిగాను.

ఆరో తరగతి సుక్కమ్మ లేచింది. "ఎలుగే టీచర్! ఇప్పచెట్ల కాడికి నల్లది వస్తేనే ఉరుకుతం. గీ ఆకు ఏం జేస్తది, చక్కిలిగిలి పెడ్తదా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

క్లాసులో చూపడానికి అజొల్లాను టబ్బులో పెంచాను. టబ్బు నిండితే పైపొర తీసి పశువులకు వేయాలి. నేను బడి వెనక కుంటలో పారబోశాను. అప్పటికది మోకాలి లోతు మడుగు. తర్వాత వానలకు నిండింది. మూడు వారాల్లో నీరు కనబడకుండా పచ్చిక బయలులా అయింది.

సుక్కమ్మ ఆ రోజుల్లో జ్వరంతో ఇంటి దగ్గరుంది. తిరిగొచ్చిన సాయంత్రమే ఆటలో తప్పించుకోబోయి ఆ పచ్చదనం మీదికి ఉరికింది.

నేను చేరేసరికి విడిన ఆకులు మళ్లీ కలిసిపోయాయి. ఎక్కడ మునిగిందో గుర్తే లేదు. నాకు ఈత రాదు. అరవబోతే గొంతు రాలేదు. వంటమనిషి మరియమ్మ నన్ను నెట్టుకుని దూకింది.

"నోరు పెగల్తలేదా నీకు? యాడ పడ్డదో చూపియ్యి టీచరమ్మా!"

చూపించలేకపోయాను. ఆమె కాళ్లతో తడుముతూ పోయి, మూడోసారి మునిగి, జుట్టు పట్టి పిల్లను పైకి లాగింది. ముఖం నిండా అజొల్లా. నోట్లోది వేలితో తీశాక సుక్కమ్మ దగ్గింది.

కొత్తగూడెం దవాఖానాలో రెండు రోజులుంచారు. నివేదికలో కాలు జారిందని రాద్దామని ప్రధానోపాధ్యాయురాలు అన్నారు. ఆకు పారబోసింది నేనేనని రాసి సంతకం పెట్టాను.

ఎలుగు మంచులో తాను దాక్కుంటుంది. అజొల్లా తన కింది లోతును దాస్తుంది. నేను చేసిన పోలికలో అది లేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి పాఠ్య ప్రణాళిక చివర ఒక పంక్తి అదనంగా రాసేదాన్ని: క్లాసు అయ్యాక ఈ వస్తువు ఎక్కడుంటుంది, ఎవరు చూసుకుంటారు.