ఒకటే రేడియో, రెండు తాళాలు

తెలంగాణ వచ్చాక మూడో ఎండాకాలం. మక్తల్ అవతల బండరాళ్ల గుట్టల్లో, సైన్యం కొనబోయే ఉమ్మడి రేడియోకి ట్రయల్స్ జరుగుతున్నాయి. నేను పరీక్షించే బృందంలో ఇంజనీరుని. మాది ఆలేరు కాబట్టి ఆ ఎండ నాకు కొత్త కాదు. ఆ రేడియో కొనుగోలు కమిటీయే కొత్త.

ఉమ్మడి అంటే నేలమీది జవానూ, హెలికాప్టర్లోని పైలటూ ఒకే రకం సెట్టు వాడాలి. అంతకుముందు ఎవరి సెట్టు వాళ్లది, ఒకరి మాట ఒకరికి అందేది కాదు. అయితే కొనడం అంత తేలికా! సైన్యానికి వీపున మోసే బరువు తగ్గాలి, వాయుసేనకు మాట అందే దూరం పెరగాలి. ఆ పేచీ తేలడానికే ఏళ్లు పట్టింది. చివరికి సెట్టు ఒకటైంది గానీ ‘కీ’ ఒకటి కాలేదు. కీ అంటే శత్రువు వినకుండా మాటకు వేసే రహస్య తాళం. మాది మీకెందుకిస్తామని ఇటువాళ్లూ అన్నారు, అటువాళ్లూ అన్నారు. పేరుకు ఉమ్మడి ఇల్లు, ఎవరి గదికి వాళ్ల తాళం!

“ముందు ఎవరి సెట్లు వాళ్లం చూసుకుందాం. కీ సంగతి కొన్నాక చూడొచ్చు,” అన్నారు కమిటీ పెద్దసారు.

“కలిసి మాట్లాడకపోతే గిది ఉమ్మడి ఎట్లయితది సార్?” అన్నాను నేను.

“మీకు తొందరెక్కువమ్మా,” అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆ మధ్యాహ్నం యాదయ్య అనే జవాను, తన జోడీతో కలిసి సెట్టు మోసుకుని గుట్ట అవతలికి వెళ్లాడు. యాదయ్యది మహబూబ్‌నగర్ పక్క పల్లె. అక్కడ ఒక బండ దొర్లి జోడీ జవాను కాలు నుజ్జయింది. ట్రయల్స్‌లో సెల్‌ఫోన్లు ఉంచుకోనివ్వరు. యాదయ్య రేడియోలో పిలిచాడు. గుట్ట అడ్డం ఉండటంతో ఇవతల మా బృందం బండిలోని సెట్టుకి అందలేదు. హెలికాప్టర్ మాత్రం నెత్తిమీదే తిరుగుతోంది. కానీ దాని తాళం వేరు కదా, పైలట్ చెవికి ఒక్క ముక్కా వినపడలేదు. చివరికి యాదయ్య గుట్ట చుట్టూ పరుగెత్తి వచ్చి మా ముందు కూలబడ్డాడు.

జోడీ జవానుకు ప్రాణం దక్కింది. ఆలస్యమైందని డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

తర్వాతి మీటింగులో “రెండు సెట్లూ బాగానే పనిచేశాయి కదా,” అన్నారెవరో. నిజమే, పనిచేశాయి! నేల నుంచి ఆకాశానికి మాట అందితేనే పాస్ అనాలని నేను పట్టుబట్టాను. అరిచాననే చెప్పాలి. ఆ షరతు పెట్టించాకే కూర్చున్నాను. సెట్లు కొనడం వేరు, మనుషుల మధ్య మాట కలపడం వేరని నాకు బాగా తెలిసొచ్చింది.

అంత కోపం రావడానికి కారణం, ఆ మీటింగుకి ముందు దవాఖాన వరండాలో యాదయ్య చెప్పిన సంగతి.

“పైలట్ నాకు కనవడ్డడు మేడం. గంత కిందికొచ్చిండు. సెట్టు కిందవెట్టి రెండు చేతులు ఊపిన.”

“మరి?”

“ఆయన గూడ ఊపిండు మేడం. నవ్వుకుంట ఊపిండు.”