ముందు వాని ఇల్లు చూడాల

పోయిన గురువారం మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. ఉదయం మా వసారాలో ముగ్గురు ఆడపిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పింది. ఆయాసంగా ఉందని సగంలో ఆపింది. పడుకుని మంచినీళ్లు అడిగింది. నేను డాక్టరును వెంటబెట్టుకుని వచ్చేసరికి ప్రాణం పోయింది. మార్కాపురంలోనే సమాధి చేశాం.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు మీలో కొందరుంటారు. మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. చర్చిలో వినే పాత ఇంగ్లీషు ఆమెకు చిన్నప్పటి అలవాటు. నేను కాలేజీలో చదివి తాలూకా ఆఫీసులో గుమాస్తానయ్యాను. పాత వ్యాసం చేతికిస్తే నిఘంటువు వెతుకుతాను. పాఠంలోని కథంతా ఆమె మొదట పిల్లలచేత తెలుగులో చెప్పించేది: ఎవరింట్లో ఏముంది, ఎవరు ఆకలితో ఉన్నారు. పలక మీద ఇంగ్లీషు మాట రాయడం ఆ తర్వాతే.

పోయినేడు ఆమె ఊళ్లో లేని రోజు, ఆ ముగ్గురిలో ఒకతె, రాచర్ల నుంచి వచ్చే అమ్మాయి, పరీక్షకు పెట్టిన పాత వ్యాసంలో ‘మీట్’ అంటే ఏమిటని అడిగింది. మాంసం అన్నాను. ఆ వ్యాసంలో దానికి తిండి అని అర్థం. అందులోని కటిక పేదవాడు పూటపూటా మాంసం తిన్నాడని పరీక్షలో రాసి, ఆ పిల్ల కొద్ది మార్కుల్లో మెట్రిక్ తప్పింది.

నా భార్య కోప్పడలేదు. “గంజికి లేనోడు మాంసం యాడ తింటాడు? ముందు వాని ఇల్లు చూడాల, ఆనక మాట చూడాల. ఆఫీసులో అర్జీ చదివినట్ల చదివితే ఎట్ల?” అని నవ్వింది. తప్పు నాదని ఆ పిల్లకు నన్నే చెప్పమంది.

నేను చెప్పలేదు. “నా బుర్రకు ఇంగ్లీషు ఎక్కదులే చిన్నమ్మా, గొర్రెలు కాసుకుంటా” అని ఆ పిల్ల అంటుంటే లోపలి గదిలో విన్నాను. అప్పుడూ బయటికి రాలేదు. నా భార్యే నచ్చజెప్పి మళ్లీ పరీక్షకు కట్టించింది.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులు. ప్యాసైతే టీచరు ట్రైనింగుకు తీసుకుంటారు. ఈసారి తప్పితే వాళ్ల నాయన చదువు మాన్పిస్తాడు.

నిన్న ముగ్గురూ వచ్చారు. రాచర్ల అమ్మాయే అడిగింది: “మిగిలిన పాఠం నువ్వు చెప్తావా చిన్నాయనా?”

చెప్తానన్నాను. అప్పటి నుంచి ఆ పాఠంలో మిగిలిన మూడు పుటలే చదువుతున్నాను. తెలియని మాటకు నిఘంటువుంది. తెలుసుననుకున్న మాటలను చూస్తేనే భయం.

రేపు ఉదయం వాళ్లు వస్తారు. పుస్తకం తెరవకముందే, మిగతా ఇద్దరి ఎదుటే, పోయినేటి తప్పు నాదని ఆ అమ్మాయికి చెబుతాను. ఆ తర్వాత కూడా నా దగ్గర కూర్చుంటానంటే, కథ తెలుగులో చెప్పమంటాను.