పదేళ్ళకు తక్కువ లేదు

హోసూరులో మా జడ్జిగారు పోయారని కృష్ణగిరి కోర్టు క్యాంటీన్లో తెలిసింది. చెప్పిన గుమాస్తా టీ తాగి వాయిదాకు వెళ్ళిపోయాడు. నాకు లేవబుద్ధి కాలేదు. ఆయన ముందు వకీలుగా నేను గెలిచిన కేసులూ ఉన్నాయి. గుర్తొచ్చింది మాత్రం ఓడిపోయినదే.

తళిలో హోసూరు బస్సెక్కే ఆడవాళ్ళకు ఎవరైనా మూట అందించి, "స్టాండులో మావోడు వస్తాడమ్మా, ఇచ్చెయ్" అంటే కాదనరు. కాళ్ళ దగ్గర పెట్టుకుంటారు. పూలో, కొత్తిమీరో అయి ఉంటుంది. మేకలు కాసుకునే నా కక్షిదారూ అలాగే పెట్టుకుంది. అందులో గంజాయి ఉంది. తూకం చట్టం పెట్టిన హద్దు దాటింది. నేరం రుజువైతే పదేళ్ళకు తక్కువ వేసే వీలు ఏ జడ్జికీ లేదు. మూట ఇచ్చినవాడు దొరకలేదు. ఆమె ఇంకా జైల్లోనే ఉంది.

రిటైరయ్యాక ఒకసారి నేను ఆ చట్టాన్ని తిట్టిపోస్తుంటే ఆయన ఆపారు. "మొదట మా ఇష్టానికే వదిలినారు కదప్పా. పెద్దింటోడికి ఒక తీరు, కూలోడికి ఒక తీరు శిక్ష వేసినాము. అందుకే మా చేతులు కట్టేసినారు. కట్టేసినాక కూడా పడేది కూలోడే."

సాయంత్రాలు బస్టాండులో నడుస్తూ, కనపడిన ఆడమనిషినల్లా "ఆ మూట ఎవురిదమ్మా?" అని అడిగేవారట. ముసలాయనకు చాదస్తమని జనం అనుకునేవారు.

శిక్ష వేసే ముందు ముద్దాయిని వాళ్ళ భాషలోనే, తొందరపెట్టకుండా అడగడం ఆయన పద్ధతి. "అది కూడా మానేస్తే నేనెందుకప్పా, రబ్బరు స్టాంపు చాలు" అనేవారు. తీర్పు రోజు నా కక్షిదారునూ తెలుగులోనే అడిగారు.

"ఏమన్నా చెప్పుకుంటావామ్మా?"

"మేకల్ని చూసేవాళ్ళు లేరు సామీ. ఇంట్లో బిడ్డ ఒగతే ఉండాది."

"బిడ్డ ఏం చదువుతాంది?"

"తొమ్మిది, సామీ."

ఆయన తలూపి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంగ్లీషులో పదేళ్ళ శిక్ష చదివారు. అంత మెత్తగా అడిగిన మనిషి ఇంటికి పంపుతాడనే ఆమె అనుకుంది. "పొయ్యొస్తా సామీ" అని దండం పెట్టి, కొంగు సర్దుకుని తలుపు వైపు నడిచింది. కానిస్టేబులమ్మ అడ్డం వచ్చింది.

"ఇంటికి కాదమ్మా" అన్నారు జడ్జిగారు.

ఆమె ఇంకా నవ్వు మొహంతోనే నా వైపు తిరిగింది.

"మరి యాడికి పొమ్మంటాండారప్పా?"