సారు దించని చాక్‌పీసు

మా డ్రాయింగు సారు పోయిన సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది నాతో చదివిన తండా పిల్ల. "సారు పోయిండే. పొద్దుగాల్ల దవాఖానల. నేను పక్కకే ఉన్న" అంది. నిజం చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది. ఆఖరి ఘడియలో సారు పక్కన ఉండటం కూడా దానికే దక్కిందా అనుకున్నాను. ఆమె జనగామ దవాఖానలో నర్సు. నేను భూపాలపల్లి అవతల ఒక బడిలో తెలుగు టీచరును. ఉండాల్సిన చోట ఆమె ఉంది, అంతే. కానీ ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్లను చూసి కుళ్లుకున్నదాన్ని, సారు పోయిన రోజున మానేస్తానా?

మాది దేవరుప్పుల దగ్గరి ఊరు. మా హైస్కూల్లో పాటకు టీచరు లేడు, మాటకు టీచరు లేడు. ఉన్నది ఒక్క డ్రాయింగు సారు. శనివారం బాలసభ ఆయన చేతికొచ్చాక బొమ్మ, పాట, ఉపన్యాసం మూడూ వరండా చివరి గదిలోనే. మమ్మల్ని ముందు నిలబెట్టి తాను ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు, చేతిలో చాక్‌పీసు పట్టుకుని. మన నోట్లోంచి అబద్ధపు మాట ఒక్కటి వచ్చినా చాక్‌పీసు పైకి లేచేది. ఆగాలి, మళ్లీ చెప్పాలి. మాట నచ్చితే మెచ్చుకోలు ఏమీ ఉండదు. చాక్‌పీసు తీసి అంగీ జేబులో వేసుకుని "ఇగ ఇంటికి పో బిడ్డా" అనేవాడు. అదే మాకు కప్పు, అదే మాకు శాలువా. ఆయన అంగీలన్నిటికీ జేబు దగ్గర తెల్లగా ఉండేది, ఉతికీ ఉతికీ సారు భార్య తిట్టేది.

ఆ జేబులోకి నా కోసం చాక్‌పీసు ఒక్కసారీ పోలేదు.

అసలు కప్పు నా దగ్గర ముందే ఉంది. సారు మా బడికి రాకముందు జనగామలో ఉపన్యాసం పోటీలో గెలిచాను. నాయినకు బజారులో బట్టల దుకాణం. దుకాణంలో టీవీ ఉండేది, వార్తలు చదివే ఆవిడ నా గురువు. ఆమెలాగే "వచ్చాము, వెళ్లాము" అని అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. జడ్జీలు చప్పట్లు కొట్టారు. కొత్తగా వచ్చిన సారుకు ఆ కప్పు చూపిస్తే చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కప్పు మంచిగున్నది బిడ్డా. ఇగ మాట్లాడు" అన్నాడు. నేను రెండు వాక్యాలు చెప్పానో లేదో చాక్‌పీసు లేచింది.

"ఆగు. గది ఎవ్వల నోరే?"

"నాదే సార్."

"ఇంట్ల మీ అమ్మతోని గిట్లనే మాట్లాడుతవా?"

క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అదే ఏడు లంబాడీ తండా నుంచి ఆ పిల్ల మా క్లాసులో చేరింది. జడకు రిబ్బను సరిగ్గా కట్టుకోవడం కూడా రాదు. మొదటి బాలసభలో సారు ఏదైనా చెప్పమంటే, బస్సు తమను చూసి కూడా ఆపకుండా పోయిందని, వెనక ఉరికితే చెప్పు తెగిందని చెప్పింది. "ఒక చెప్పు చేతుల, ఒక చెప్పు కాలుకు. గట్లనే అచ్చిన సారూ" అంది. అంతే. చాక్‌పీసు జేబులోకి వెళ్లిపోయింది! ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. దానికి తెలుగు పొలాల్లో, బజార్లో దొరికింది. నేను అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి తెలుగే. అయినా సారుకు దాని తెలుగే తెలుగు! ఆ రోజు ఇంటికి పోయి అన్నం కూడా తినలేదు.

నన్ను సారు పనికిరానిదాన్ని చేశాడని కాదు. రాష్ట్రం కోసం కొట్లాట జోరందుకున్న రోజులవి. బడి తెరిచిన రోజుల కంటే బందు రోజులే ఎక్కువ. ఊరేగింపులకు పెద్ద గుడ్డల మీద రాతలు కావాలి. రంగులు అయిపోతే సారు జాజు, సున్నం, పసుపు కలిపి ఇచ్చేవాడు. బొమ్మ ఆయన గీసేవాడు, అక్షరాలు నాతో రాయించేవాడు. నా గుండ్రటి అక్షరాలను చూసి మురిసిపోయి, "చేతిరాత నీదే బిడ్డా. నోరే ఎవ్వలదో" అనేవాడు. సగం మెప్పు, సగం వాత.

ఒకరోజు చౌరస్తాలో వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే తిండి, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ట్రాక్టరు ట్రాలీ మాకు స్టేజీ. "నువ్వు మాట్లాడు, అది పాడుతది" అన్నాడు సారు. ఆ రోజు చాక్‌పీసు జేబులో వేయించి తీరాలనుకున్నాను. నా ఉపన్యాసంలోంచి వచ్చాములు, వెళ్లాములు అన్నీ ఏరి పారేశాను. వాటి చోట దొరికినన్ని 'గి'లు, 'గా'లు దట్టించాను. మైకు పట్టుకుని, "గిప్పుడు గీ మన గా తెలంగాణల గేమయితున్నదంటే గా..." అని మొదలుపెట్టాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక నవ్వు, దాని వెంట పది నవ్వులు. పొయ్యి దగ్గర గంటె తిప్పుతున్న అవ్వ లేచి నిలబడింది. రోజూ మా ఇంట్లో పాలు పోసే అవ్వే.

"ఏందే పిల్లా, ఆంధ్ర నుంచి అచ్చినవా? సినిమాలోల్ల లెక్క మమ్ముల ఎక్కిరిస్తున్నవు?" అంది. కళ్లు చికిలించి చూసి, "ఓసినీ! బట్టల దుకాణపోల్ల పిల్లవు గాదే నువ్వు? నీకేమచ్చిందే?"

ఏం రావాలి? నా భాషను మైకులో, తెర మీద నేను విన్నది సినిమాల్లో మమ్మల్ని నవ్వులపాలు చేసే వేషగాళ్ల నోట్లోనే. స్టేజీ ఎక్కితే అదే నా నోట్లోకి వచ్చింది. జనం మధ్య సారు కనిపించాడు. రోడ్డు మీదకు కూడా చాక్‌పీసు తెచ్చుకున్నాడు మహానుభావుడు! అది పైకి లేచే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. తండా పిల్ల నా చేతిలోంచి మైకు తీసుకుని, నాట్లప్పుడు వాళ్ల నాయనమ్మ పాడే లంబాడీ పాట ఎత్తుకుంది. ఒక్క ముక్క ఎవరికీ తెలియదు. అయినా అవ్వ గంటె తిప్పడం మానేసింది. సారు చేయి జేబు దగ్గరికి పోయింది.

భోజనాలప్పుడు సారు విస్తరి తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. "కప్పు కోసం ఒక నోరు తెచ్చుకున్నవ్. ఇయ్యాల నా కోసం ఇంకోటి తెచ్చినవ్. నీది ఎప్పుడు తెస్తవ్ బిడ్డా?" అన్నాడు. నా విస్తట్లో తన పచ్చడి వేశాడు.

ఆ తర్వాత బడి ఉన్న ప్రతి సాయంత్రం నన్ను ఆ గదిలో కూర్చోబెట్టాడు. అమ్మ ఏం వండింది, నాయిన గిరాకీతో ఎట్ల కొట్లాడిండు, అవే చెప్పమనేవాడు. చెప్పడం, చాక్‌పీసు లేవడం, మళ్లీ చెప్పడం. పదో తరగతి అయిపోయింది, నాకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, ఫోన్లో కూడా "ఆగు, మల్ల చెప్పు" అనేవాడు. పోయిన ఎండాకాలం అడిగేశాను, "సారూ, నా చాక్‌పీసు జేబుల ఏసుకుంటరా లేదా?" అని. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "చూద్దాం తియ్" అన్నాడు.

సంతాప సభ ఆ గదిలోనే పెట్టారు. వరండా మెట్ల మీద తండా పిల్ల నా పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి అంది: "నీ మీద నాకెంత మంటుండెనో తెల్సా? నేను నోరు తెరుస్తె సాలు, సారు చాక్‌పీసు జేబుల ఏసుకొని ఇంటికి పొమ్మంటుండె. నిన్నేమో పొద్దుగూకెదాంక కూసోబెట్టుకుంటుండె. తండా తొవ్వల ఒక్కదాన్నే ఏడ్సుకుంట పోతుంటి. నన్ను ఒక్కపారన్న ఆగు అనలేదే."

నేను దాని మొహం వంకే చూశాను. ఇన్నేళ్లూ అది కూడా కుళ్లుకుందా! ఆ ఏడుపు మధ్యలో కూడా నాకు సంతోషమేసింది. దాచుకోవడం దేనికి?

నన్ను మాట్లాడమన్నారు. ముందు నిలబడి, "గౌరవనీయులైన మా గురువుగారు మనల్ని విడిచి వెళ్లిపోయారు" అని మొదలుపెట్టాను. ఆఖరి బెంచీ మీది నుంచి ఒక చేయి పైకి లేచింది. చేతిలో చాక్‌పీసు.

"ఆగే" అంది తండా పిల్ల. "గది ఎవ్వల నోరు?"

చాక్‌పీసు తేవాలని కూడా ముందు దానికే తోచింది, చూడండి.

"మా సారు పోయిండు" అన్నాను. "ఇగ నన్ను ఆగు అనేటోల్లు లేరు."

తండా పిల్ల లేచి నిలబడింది. చాక్‌పీసును గుండెల దగ్గరికి దించి, అక్కడ తడుముకుని, అట్లాగే పిడికిట్లో పట్టుకుని ఉండిపోయింది. చీరకు జేబు లేదు.