ఉష్! పాలపిట్ట వస్తది

మొన్న దసరా నాడు నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, నవ్వొద్దు మల్ల. సరే నవ్వున్రి, వద్దంటే మానుతరా మీరు!

దసరా నాడు పాలపిట్టను సూస్తే ఏడాదంతా మంచిగ నడుస్తదంటరు గదా. పోయిన దసరాకు నాకు కనవడలే. ఇగ సూడున్రి, బోరేస్తే దుమ్ము లేచింది, కొత్త బండి షోరూం దాటంగనే పంచర్! అందుకే ఈసారి పట్టు పట్టిన. సాయంత్రం జమ్మికాడ మందిల ఏం కనిపిస్తది, పొద్దుగాల్నే పోదామని ఆన్‌లైన్ల బైనాక్యులర్ తెప్పించిన. పిట్టల వీడియోలు సూసి సూసి సగం సైంటిస్టునైన.

సూర్యాపేట అవతల చిట్టడివిల నడిచే బాట ఒకటుంది. మా ఇంటామె సుజాత, కోదాడ నుంచి పండక్కొచ్చిన అత్తమ్మ, బామ్మర్ది రమేశ్, అందర్నీ తోల్కపోయిన. గేటుకాడనే ఆర్డరేసిన: "ఎవ్వరూ మాట్లాడొద్దు, చెయ్యి సూపొద్దు. పిట్ట బెదిరిందంటే నా ఏడాది ఖతం!"

"దగ్గొస్తే ఏం చెయ్యాలి అల్లుడుగారూ?" అన్నది అత్తమ్మ.

"మింగున్రి!" అన్న.

తుమ్మచెట్టు కింద కూసొని దూరంగున్న కరెంటు తీగ మీద బైనాక్యులర్ పెట్టిన. కాకి. గోరింక. మల్ల కాకి. మెడ పట్టేసింది. ఎనక సుజాత "ఊఁ... ఊఁ" అంటాంది. "ఉష్!" అన్న. రమేశ్ నా అంగి గుంజిండు. కండ్లు తియ్యకుంటనే ఇదిలించుకున్న. ఒక్క రూలన్న పాటించరేంది వీళ్లు!

జర సేపటికి నెత్తి మీద టపటప రెక్కల సప్పుడు. తిరిగి సూస్తే ముగ్గురూ దండం పెట్టుకొని నిలవడ్డరు.

"వెళ్లిపోయింది బావా! ఇంతసేపూ మీ నెత్తి మీది కొమ్మ మీదే కూర్చుంది."

"మరి చెప్పొద్దారా!"

"మీరేగా నోరు తెరవొద్దంది?"

సుజాత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాంది. నేను చెట్టు చెట్టుకు ఉరికిన. ఎండెక్కింది గానీ పిట్ట జాడ లేదు. నిజంగనే ఏడుపొచ్చింది నాకు.

అత్తమ్మకు జాలేసింది. "పోనీలే బాబూ, రమేశ్ ఫోటో తీశాడు, చూడండి" అన్నది. ఫోన్ల సూస్తే కింద నేను నోరు తెరుసుకొని యాడికో సూస్తున్న. పైన పాలపిట్ట మెడ వంచి నా బట్టతల దిక్కే సూస్తాంది.

"ఫోటోల సూస్తే లెక్కకొస్తదా అత్తమ్మా?" అని అడిగిన.

"మీ సంగతి సరే బాబూ. పండగపూట పొద్దున్నే అది మిమ్మల్ని చూసింది. పాపం, దానికి ఈ ఏడు ఎలా గడుస్తుందో!"