శవం తిన్న పులిహోర

మా అత్తకు హైదరాబాదు యాత్ర గాజుల బజారుతోనే అయిపోయింది. మోకాళ్ల నొప్పులని చార్మినార్ ఎక్కనంది గాని, దాని పక్క సందులో ఉన్న దుకాణాలన్నీ ఎక్కి దిగి, మా ఆడపడుచు సీమంతానికి ఆకుపచ్చ మట్టిగాజులు కొన్నది. ఆడపడుచుకు అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. మేం ఇంటికి చేరిన మర్నాడే సీమంతం. అందుకని ఆ గాజుల డబ్బా ఉన్న గుడ్డసంచిని అత్త ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. జూలో పులిని చూసినా సంచిని గుండెకు ఆనించుకునే చూసింది.

చివరి రోజు సాయంత్రానికి మా రైలు. మా ఆయనకు ఒక్కటే కోరిక మిగిలింది. హైదరాబాదు దాకా వచ్చి జూబ్లీ హిల్స్‌లో సినిమావాళ్ల ఇళ్లు చూడకుండా వెళ్తే ఊళ్లో పరువు పోతుందన్నాడు. పెట్టె ఆటోలో వేసుకుని, రైల్లోకని నేను కలిపిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. అటు నుంచి అటే స్టేషనుకు పోవాలని మా ఏర్పాటు.

అప్పటి జూబ్లీ హిల్స్ అంటే రాళ్లు, గుట్టలు, మధ్య మధ్యలో కోటల్లాంటి ఇళ్లు. ఒక దుకాణం ఉండేది కాదు, రోడ్డు మీద నడిచే మనిషి ఉండేవాడు కాదు. ఆటో అతను ఒక్కో గోడ ముందు ఆపి, ఇది ఫలానా హీరో ఇల్లు అని చెప్పేవాడు. మేం దిగి ఆ గోడను చూసి మళ్లీ ఎక్కేవాళ్లం. ఒకచోట మా ఆయన గోడకు దండం పెట్టాడు. తనకే అనుకుని గూర్ఖా తిరిగి దండం పెట్టాడు.

"వీళ్లంతా గోడల్లో కాపురం చేస్తారంట్రా?" అంది అత్త.

ఇంకో మలుపు తిరిగేసరికి ఏడుపులు వినిపించాయి. ఒక పెద్ద ఇంటి గేటు బార్లా తీసి ఉంది. లోపల షామియానా, జనం.

మా అత్త ఏడుపు వినిపించిన ఇల్లు దాటి పోయే మనిషి కాదు. మా ఊళ్లో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురొచ్చేది. ఆమె తల దగ్గర కూర్చుని, పోయినవాడి గుణాలు వరసపెట్టి ఏడిస్తే, అప్పటిదాకా పొలం పంపకాలు మాట్లాడుకుంటున్నవాళ్లు కూడా కండువాతో కళ్లు ఒత్తుకునేవాళ్లు.

"బండి ఆపవయ్యా" అంది.

"మనకేమవుతారని దిగుతున్నావే అమ్మా?" అన్నాడు మా ఆయన.

"చచ్చినోడికి చుట్టరికం ఏంట్రా?"

ఆమె వెనకే నేనూ వెళ్లాను. షూటింగ్ అని గేటుకు బోర్డు తగిలించి ఉందట. అప్పటికి మా ఇద్దరికీ అక్షరాలు రావు. చదవడం వచ్చిన మా ఆయన, కాసేపు ఆగమని ఆటో అతన్ని బతిమాలుతూ వెనకబడిపోయాడు.

షామియానా కింద ఒక పెద్దాయనను పడుకోబెట్టారు. ముక్కుల్లో దూది, మెడ నిండా దండలు. నలుగురు మనుషులు మెరిసే అట్టలు పట్టుకుని నిలబడ్డారు. శవానికి ఎండ తగలకూడదని కాబోలు అనుకున్నాను. కెమెరా కూడా కనిపించింది. ఉన్నవాళ్లు కదా, చావుకు కూడా ఫొటోలు తీయించుకుంటారనుకున్నాను.

అత్త నేరుగా వెళ్లి తల దగ్గర కూలబడింది. సంచిని శవం పక్కన పెట్టి రాగం అందుకుంది.

"ఎంత ఇల్లు కట్టావు నాయనా! ఇన్ని గదుల్లో ఏ గదిలో పడుకున్నావు నాయనా! ఈ రాళ్ల మధ్య చెంబుడు నీళ్లిచ్చే ఇరుగుపొరుగన్నా లేకపోయె నాయనా!"

అక్కడ ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి ఆమె వంక చూశారు. ఆ తర్వాత నిజంగా ఏడవడం మొదలుపెట్టారు. ఎవరో ముసలావిడ శవం భార్య చేతులు పట్టి నేలకేసి కొట్టించింది. ఎర్రగాజులు చిట్లి మా అత్త సంచి మీద పడ్డాయి.

"కట్!" అని ఎవరో అరిచారు.

శవం కళ్లు తెరిచింది.

"అక్కా, జర మోకాలు తియ్యి. నా చెయ్యి నలుగుతున్నది."

మా అత్త పెట్టిన కేకకు ఆ గుట్టల్లో ఉన్న కుక్కలన్నీ మొరిగాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. గెంటేస్తాడనుకున్నాను. అతను చేతులు జోడించాడు. "అమ్మా, మీ ఏడుపు డైరెక్టరుగారికి తెగ నచ్చేసిందండీ. వీడి పొట్ట కదిలి షాట్ పోయింది గాని. ఇంకొక్కసారి అలాగే ఏడవండి."

అత్తకు ఆ మాటలు చెవిన పడలేదు. సంచి మీది ఎర్ర పెంకులనే చూస్తోంది. "ఓరి దేవుడో, శవం పక్కన పెట్టానే! సీమంతం గాజులు మైలపడ్డాయే!"

అప్పటికి మా ఆయన లోపలికి వచ్చాడు. "ఆయన చావలేదమ్మా, మైల ఎక్కడిది?"

"దూది పెట్టారు, దండలేశారు, నేను ఏడ్చాను. చావడానికి ఇంకేం కావాల్రా?"

గాజులన్న మాట వినగానే మేనేజరు మొహం వెలిగింది. పొద్దటి నుంచి షాట్ పోయినప్పుడల్లా గాజులు పగిలాయట. ఇక ఒక్కటి కూడా లేదట. "ఇక్కడ గుండుసూది దొరకదండీ. ఎలాగూ మైలపడ్డాయంటున్నారు కదా, అవి మాకిచ్చేయండి. హీరోగారు లోపలే ఉన్నారు. పక్కన నిలబెట్టి ఫొటో తీయిస్తాను."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... గాజులు మన ఊళ్లో మాత్రం దొరకవా?"

అత్త సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. అంతసేపు అంత రాగం తీసిన మనిషి ఇప్పుడు రాగం తీయలేదు. ఊరికే కళ్లు కారాయి. "రెండుసార్లు పోయిందయ్యా నా బిడ్డకి" అంది చివరికి.

శవం లేచి కూర్చుంది. ముక్కుల్లో దూది పీకేసింది.

"అయితె నేను చావను" అన్నాడాయన.

"ఏంటయ్యా నువ్వు? పడుకో!" అన్నాడు మేనేజరు.

"పండుకోను. ఆడబిడ్డ సీమంతం గాజులు నా మీద పగలగొడ్తరా? శవం లేకుంట ఏం తీస్తరో తీసుకోండ్రి. కృష్ణానగర్ల మా ఇంటి పక్కన్నె గాజుల దుకాణమున్నది, కారు పంపుండ్రి."

కారు వెళ్లింది. మేం కూడా బయల్దేరాల్సిందే. కానీ అత్త లేవలేదు. మైల సంగతి తేలలేదని ఆమె పట్టు.

"ఫికర్ చెయ్యకక్కా" అన్నాడాయన. "మాకొక పద్ధతున్నది. చచ్చినట్టు చేసినోడు కెమెరా దిక్కు చూసి నవ్వినంకనే ఇంటికి పోతడు. నవ్వకుండ పోతె నా పెండ్లాం గడప తొక్కనియ్యదు."

"కెమెరాకు నవ్వితే నా గాజులకేం తెలుస్తుంది తమ్ముడూ?"

ఆయన ఆలోచించాడు. గాజుల డబ్బా మూత తీయమన్నాడు. అందులోకి వంగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నవ్వితే మొహం మీది విభూతి రాలింది. ఏడ్చే వేషాలు వేసిన ఆడవాళ్లందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అత్తకు అదీ చాలలేదు. "ఏమ్మాయ్, ఆ పులిహోర ఇటు తే" అంది నాతో. "తిను తమ్ముడూ. నేను చూడాలి."

ఆయన ఆ మాట కోసమే చూస్తున్నట్టు డబ్బా అందుకున్నాడు. కడుపు ఎత్తుగా కనిపిస్తుందని పొద్దటి నుంచి ఆయనకేమీ పెట్టలేదట. దండలు వీపు మీదికి తోసుకుని, మా ముగ్గురి తిండీ తిన్నాడు. మధ్యలో పచ్చిమిరపకాయ కొరికి, "అబ్బ!" అని నాలుక బయటపెట్టాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"కారం తెలిసింది. బతికే ఉన్నాడు" అంది అత్త. అప్పుడు లేచింది.

గాజుల డబ్బాకు మూత పెట్టి ఆయనే సంచిలో దించాడు. మేం స్టేషనుకు చేరేసరికి రైలు కూత వేస్తోంది. ఆకలితో పడుకున్నాం. ఫొటో పోయిందని మా ఆయన మాతో మాట్లాడనే లేదు.

సీమంతం నాడు ఆడపడుచు డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. మూత మీద పసుపు వేళ్ల గుర్తులున్నాయి. "పసుపు రాసి తెచ్చావా అమ్మా?" అంది.

"నేను కాదు. మీ మేనమామ రాశాడు."

మా అత్తకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆడపడుచు నా వంక చూసింది. నేను పళ్లెంలో అక్షింతలు సర్దుకున్నాను. గాజులు చేతులకు సరిగ్గా పట్టాయి. కాన్పు అయ్యేదాకా ఒక్కటి కూడా చిట్లలేదు.

ఆ సినిమా మా ఊరి టూరింగ్ టాకీసుకు వచ్చేసరికి అప్పుడు పుట్టిన పిల్లకు మాటలొచ్చాయి. మా అత్త దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పోయిందన్న ఆ షాట్‌లోదే కాబోలు, చావు సీనులో మా అత్త మొహం ఒక్కటీ కనిపించింది. నోరు ఆమెదే, గొంతు ఎవరిదో. పీలగా, ముక్కుతో ఏడుస్తోంది ఆ గొంతు. చుట్టూ జనం ముక్కులు చీదుతున్నారు.

"అమ్మమ్మా, తాత చచ్చిపోయాడా?" అంది పిల్ల.

"లేదే. ఆకలి మీదున్నాడు. ఉండు, ఇప్పుడు నవ్వుతాడు చూడు" అంది మా అత్త, ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగేంత గట్టిగా.

శుభం పడేదాకా ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు. ఆయన నవ్వలేదు. బయటికి వస్తుంటే మా అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నవ్విందంతా కోసేశారు చూశావా, దొంగసచ్చినోళ్లు!"